పదమూడో గంట ఆఖరి భాగం

మాహే,
జూన్ 10, 2025

ఏమే తెరేసా,

ఉత్తరం చూసి ఎవరో పోయారనుకుని కంగారు పడకు. నేనే, నూకరత్నాన్ని. బతికే ఉన్నాను, మాహేలో ఉన్నాను. ఈ రెండూ ఒకటి కాదని ఇక్కడికొచ్చాక తెలిసింది. యానాంలో పుట్టిన పాపానికి పుదుచ్చేరి ప్రభుత్వం ఉద్యోగమిచ్చింది. కిందా మీదా పడి తమిళం నేర్చుకున్నాను. నేర్చుకోవడం అయ్యిందని ఎవరు చెప్పారో, మలయాళం మాట్లాడే ఊరికి బదిలీ చేశారు. అప్పట్లో ఫ్రెంచివాడు ఎక్కడెక్కడ కాలు పెట్టాడో ఇప్పుడు అక్కడల్లా నేను ఫైళ్ళు మొయ్యాలన్నమాట.

అసలు సంగతేమిటంటే, "పదమూడో గంట" దొరికింది. మనం ఎనిమిదో తరగతిలో ఉండగా శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో వచ్చేదే, ఆ సీరియల్. గోడగడియారం పదమూడు గంటలు కొట్టినప్పుడల్లా గడియారాల మెకానిక్ విశ్వేశ్వరరావు పాతకాలంలోకి వెళ్ళి, వరదలో పడవతో సహా గల్లంతైన వాళ్ళ నాన్న కోసం వెతుకుతాడు చూడు, అదే. ఎవరో పుణ్యాత్ముడు వీడియో క్యాసెట్లలోంచి తీసి పదమూడు భాగాలూ యూట్యూబ్‌లో పెట్టాడు. మధ్యలో సబ్బు ప్రకటనలు కూడా అలాగే ఉంచాడు.

మనిద్దరం మళ్ళీ చూద్దాం. కానీ షరతులున్నాయి. వారానికి ఒక్కటే భాగం, ఆదివారం సాయంత్రం ఆరింటికి. ముందుకి జరిపి చూడకూడదు. దాని గురించి ఫోన్లో మాట్లాడకూడదు, ఉత్తరాలే. ఫోన్ చేస్తే నువ్వు లైనింగ్ గుడ్డ రేటు చెబుతావు, నేను మా సూపరింటెండెంటుని తిడతాను, కథ ఎటో పోతుంది.

మా అమ్మని కూడా మీ ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టు. ఎందుకో నీకు తెలుసు. ఆఖరి భాగం వచ్చే వారమే తుపానొచ్చింది. కరెంటు స్తంభాలన్నీ పడిపోయి యానాంలో ఎవరూ అది చూడలేదు, మీ మావయ్య కూతురి పెళ్ళికని పుదుచ్చేరి వెళ్ళిన నువ్వు తప్ప. విశ్వేశ్వరరావు తీరా పడవ దాకా వెళితే వాళ్ళ నాన్న, "నన్నొదిలేసి ఇంటికెళ్ళరా, మీ అమ్మ ఒక్కత్తే ఉంది" అన్నాడని వచ్చాక నువ్వే చెప్పావు. ఆ తుపానప్పుడు వేటకెళ్ళిన మా నాన్న తిరిగిరాక అప్పటికి మూడు వారాలు. ఇన్నేళ్ళూ ఆ మాట పట్టుకుని లాక్కొచ్చాను. నీ గొంతులో విన్నదాన్ని, ఒక్కసారి ఆయన గొంతులో వినాలని ఉంది.

నీ
రత్నం


ఫరంపేట, యానాం,
జూన్ 24, 2025

రత్నానికి,

నీ ఉత్తరాన్ని కోర్టు నోటీసనుకుని మా ఆయన ఫ్రాన్సిస్ వెనక్కి పంపబోయాడు. మనకి ఉత్తరాలు రాసేవాళ్ళెవరున్నారు అన్నాడు. నిజమే అనుకో.

ఆదివారం మొదటి భాగం చూశాం. మీ అమ్మ కనకాలపేట నుంచి ఆటో కట్టించుకుని అరగంట ముందే దిగింది. మంగళవారం సంతకి ఎండుచేపలు సర్దుకునే పని కూడా మానుకుని వచ్చానని మూడుసార్లు చెప్పింది. టీ తాగింది, కాళ్ళు ముడుచుకుని కుర్చీలో కూర్చుంది, పేర్లు పడుతుండగానే మొదలుపెట్టింది. "ఇదేం వరదే, నీళ్ళు ఇంత తెల్లగా ఉన్నాయి? గోదారి చూడని నా కొడుకెవడో తీసినట్టున్నాడు." తరవాత పడవవాడి మీద పడింది. ఆ తెడ్డు పట్టుకునే వాటానికి వాడు రేవు కూడా దాటలేడట.

నాకైతే బట్టలే కనిపించాయి. కథ జరిగేది నలభై ఎనిమిదిలోనట. ఆ ఇంటావిడ జాకెట్టుకి వెనక జిప్పు. పెరట్లో నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టు. చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూశాం కదే దీన్ని. కాలంలోకి వెళ్ళే సొరంగం అంటే ఏమీ లేదు, ఎవడో గొడుగు తెరిచి గిరగిరా తిప్పాడు. కమ్మీలు కూడా కనిపిస్తున్నాయి.

అందుకే అంటున్నాను, చిన్నప్పుడు బాగున్నవి చిన్నప్పుడే బాగుంటాయి. పదమూడు వారాలంటే మాటలా? మీ అమ్మకి కళ్ళు మంట అంటోంది. నాకూ బడి యూనిఫారాలు గుట్టలా పడున్నాయి. ఆఖరి భాగం నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు. పదమూడేళ్ళ పిల్ల చూసింది ఎంత, చెప్పింది ఎంత. నాలుగైదు భాగాలు చూసి ఊరుకుందామా? ఆలోచించు.

తెరేసా


మాహే,
జూలై 30, 2025

తెరేసా,

ఊరుకోవడం లేదు. ఆరు భాగాలయ్యాయి. తెల్లదొర వేషం వేసినవాడే నాలుగో భాగంలో పోస్ట్‌మ్యాన్‌గా వచ్చాడు, గమనించావా? పాపం, మొహానికున్న పౌడరు కూడా తుడుచుకోలేదు. ఐదో భాగంలో విశ్వేశ్వరరావు మీసం గుమ్మం అవతల ఒక పక్కకి, గుమ్మం ఇవతల ఒక పక్కకి. నేను ఒక్కదాన్నీ గదిలో పడి నవ్వుతుంటే పక్క క్వార్టర్స్ ఆవిడ వచ్చి ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. నేను చెప్పింది ఆవిడకీ అర్థం కాలేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

నీకు ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెబుతాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, చెప్పాల్సిన అవసరం రాలేదు.

నాన్న పోయాక అమ్మ ఎవరి మాటా వినలేదు. శవం దొరకలేదు కాబట్టి మనిషి ఉన్నట్టే అంది. పెదనాన్నలు కర్మ చేయించాలంటే తలుపేసుకుంది. బొట్టు తీయనంది, గాజులు తీయనంది. ఊళ్ళో వాళ్ళు వచ్చి కూర్చుని ఏడుస్తుంటే, మీ ఇళ్ళల్లో పనుల్లేవా అని పంపించేసింది. నేను గుమ్మంలో కూర్చుని సందు చివరికి చూసేదాన్ని. నువ్వొచ్చి ఆ ఆఖరి భాగం చెప్పిన రోజు రాత్రే అమ్మకి ఆ మాట చెప్పాను. "అమ్మా, సీరియల్లో వాళ్ళ నాన్న ఇలా అన్నాడంట" అని. అమ్మ తలూపింది. మర్నాడు పెదనాన్నకి కబురు పంపి, కానివ్వండి అంది.

మా అమ్మ గాజులు తీసింది నీ నోటి మాట మీద, తెరేసా. అందరూ చెప్పి చెప్పి అలిసిపోయిన పని ఒక టీవీ సీరియల్ చేసింది. అందుకే ఆఖరి భాగం అమ్మ తన కళ్ళతో చూడాలి. అది చూశాక నేను అమ్మని ఒకటి అడగాలి కూడా. అప్పుడు నిన్ను ఒప్పించి తప్పు చేశానా అమ్మా అని.

నీ
రత్నం


ఫరంపేట,
ఆగస్టు 20, 2025

రత్నానికి,

ఈ ఉత్తరం పొట్టిగా ఉంటుంది. ఆగస్టు పదిహేనూ, పుదుచ్చేరి విలీనం రోజని పదహారూ, రెండు రోజులూ మనకి జెండా పండగలే కదా, డాన్సు పిల్లల బట్టలు కుట్టి నడుం పడిపోయింది. ఇప్పుడు మరియమాత పండగ జాకెట్లు నెత్తి మీదున్నాయి.

తొమ్మిదో భాగం వరకూ చూశాం. మీ అమ్మ బాగుంది. ఒక్కటే ఇబ్బంది. పదమూడో భాగం యూట్యూబ్‌లో తీసేశారు. నేను వెతికాను, ఫ్రాన్సిస్ కూడా వెతికాడు. పన్నెండు దాకానే ఉన్నాయి. ఏదో కాపీరైటు గొడవట. ఏం చేస్తాం, మనకి రాసి లేదు. నేను చెప్పింది గుర్తుంది కదా, అదే చూసినట్టు అనుకుందాం.

నీ ఆరోగ్యం జాగ్రత్త. ఆ ఊళ్ళో వానలు ఎక్కువట.

తెరేసా


మాహే,
ఆగస్టు 28, 2025

తెరేసా,

ఇక్కడ కనిపిస్తోంది. పదమూడో భాగం, ఇరవై నాలుగు నిమిషాలు. బొమ్మలో పడవ కూడా ఉంది. ఒట్టు, నొక్కలేదు. యానాంలో తీసేసి మాహేలో ఉంచారంటే ఆశ్చర్యమే, రెండూ ఒకే సర్కారు కదా.

లింకు ఫ్రాన్సిస్ అన్నయ్యకి పంపాను. నీకు పంపితే జాకెట్ల కింద పడిపోతుంది.

సెప్టెంబర్ పద్నాలుగు, ఆదివారం, ఆరు గంటలకి. నేను ఇక్కడ, అమ్మ అక్కడ. నువ్వు అమ్మ పక్కనే కూర్చో. ఆయన ఆ మాట అన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకో. నేను ఉండి ఉంటే నేనే పట్టుకునేదాన్ని.

రత్నం


ఫరంపేట,
సెప్టెంబర్ 6, 2025

రత్నం,

ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఐదు రోజుల్లో అందుతుందని కౌంటర్లో చెప్పారు. ఆదివారం లోపు నువ్వు చదవాలి. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. నోటితో చెప్పే ధైర్యం ఉంటే పదమూడేళ్ళప్పుడే చెప్పేదాన్ని.

నేను ఆఖరి భాగం చూడలేదే.

పుదుచ్చేరి మన రాజధాని, మన సీరియల్ అక్కడ రాకుండా ఎలా ఉంటుంది అనుకున్నాం అందరం. పెళ్ళికి బయల్దేరుతుంటే, ఇక్కడెలాగూ కరెంటు లేదని బడి పిల్లలు నన్ను ఎమ్మెల్యేని పంపినట్టు పంపారు. మావయ్య వాళ్ళింట్లో ఆ శుక్రవారం తల దువ్వుకుని, కొత్త గౌను వేసుకుని టీవీ ముందు కూర్చున్నాను. తమిళంలో వార్తలు వచ్చాయి. తరవాత ఎవరో పొలం గురించి మాట్లాడారు. నేను ఏడుస్తుంటే మావయ్య, ఇక్కడ మద్రాసువాళ్ళ టీవీ వస్తుంది పిచ్చిదానా, హైదరాబాదుది రాదు అన్నాడు. రాజధానికి మన భాష తెలియదని నాకు ఆరోజే తెలిసింది.

రాలేదని చెబుదామనే వచ్చాను. ముందు మీ ఇంటికే వచ్చాను. నువ్వు గుమ్మంలో ఉన్నావు. పలకరింపు లేదు, ఏమీ లేదు. "వాళ్ళ నాన్న దొరికాడా?" అన్నావు. దొరికాడు అంటే నువ్వు ఆ గుమ్మంలోంచి ఎప్పటికీ లేవవనిపించింది. దొరకలేదు అనడానికి నోరు రాలేదు. నీ మొహం చూస్తూ ఆ మాట అల్లేశాను. కొలతలు తీసుకోకుండా నేను కుట్టిన మొదటి జాకెట్టు అదే. సరిగ్గా సరిపోయింది, అదీ నా ఖర్మ. తరవాత ఊరు ఊరంతా వచ్చి చెప్పించుకుంటే, చెప్పిన ప్రతిసారీ ఇంకొంచెం బాగా చెప్పాను. సిగ్గులేనిదాన్ని.

నిన్ను ఓదార్చాననుకున్నాను ఇన్నాళ్ళూ. మీ అమ్మ గాజులు తీసింది దాని వల్లనని జూలైలో నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. అది చదివిన దగ్గర్నుంచీ కుట్టిందే విప్పి మళ్ళీ కుడుతున్నాను. గుడికి వెళ్ళి ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసుకున్నాను. ఆయన విని, ఇది దేవుడితో కాదు, ఆ అమ్మాయితో చెప్పుకోవాల్సింది అన్నారు.

షరతు తప్పి నిన్న ఆఖరి భాగం చూశాను. విశ్వేశ్వరరావు పడవని పట్టుకుంటాడు. వాళ్ళ నాన్నని బతికించుకుని ఇంటికి తీసుకొస్తాడు. ఆయన తడిబట్టలతో గుమ్మంలోకి వచ్చి నవ్వుతాడు. అంతే. వదిలేసి వెళ్ళమని ఎవరూ అనలేదు.

మీ అమ్మకి దీన్ని ఎలా చూపించను? నీ నుంచి మాట రాకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. నన్ను తిట్టు, కానీ ఆదివారం లోపు తిట్టు.

తెరేసా


మాహే,
సెప్టెంబర్ 14, 2025

శ్రీమతి తెరేసా గారికి,

ఆరు గంటల ఇరవై నాలుగు నిమిషాలకి కార్యక్రమం ముగిసింది. తండ్రిగారు క్షేమంగా ఇల్లు చేరారు. మీరు ఇరవై తొమ్మిదేళ్ళ కిందట సమర్పించిన కథాసంగ్రహంతో పోల్చి చూడగా కొన్ని తేడాలు గమనించడమైనది.

మీరు చూడలేదు కదండీ?

నేను మా అమ్మని కూర్చోబెట్టి, ఆ మాట చెప్పి, గాజులు తీయించాను. పదమూడేళ్ళదాన్ని. అది నిజమనుకుని చేశాను. టీవీలో వచ్చింది కాబట్టి నిజమనుకున్నాను, మీరు చెప్పారు కాబట్టి ఇంకా నిజమనుకున్నాను. ఇప్పుడు అమ్మ మీ ఇంట్లో కూర్చుని, తిరిగొచ్చిన మనిషిని చూసింది. ఇప్పుడే ఫోన్ చేశాను. "బాగానే ఉందే సీరియల్, నువ్వు తిన్నావా?" అని పెట్టేసింది. మా అమ్మ అంత తక్కువ మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

ఇకమీదట ఉత్తరాలు అక్కరలేదు.

కె. నూకరత్నం

సోమవారం: మీ స్పీడ్ పోస్టు ఇప్పుడే అందింది. ఓణం సెలవులూ, రెండో శనివారమూ కలిసి పైనుంచి కింద దాకా అన్నీ ఆలస్యమట. చదివాను. జవాబు పైన ఉన్నదే.


ఫరంపేట,
సెప్టెంబర్ 20, 2025
(చిట్టెమ్మ చెప్పగా తెరేసా రాసినది)

ఒసే రత్నం,

నేను మీ అమ్మని. తెరేసాని మీరూ, గారూ అని రాశావంట. అదేం పద్ధతే? తిట్టేదుంటే ఎదర కూర్చుని తిట్టాలి. అది వారం రోజుల్నుంచి అన్నం తినట్లేదు, నాలుగు జాకెట్లు పాడుచేసింది. (ఇది రాయక్కర్లేదు పిన్నీ అంటే రాయమంటోంది.)

ఆదివారం నీ ఉత్తరం ఏదో రావాలని ఇది గుమ్మంలోకీ లోపలికీ తిరిగింది. ఆరయింది. కరెంటు పోతుందేమో పిన్నీ అంది. పోయినప్పుడు చూద్దాం, ముందు పెట్టవే అన్నాను. పెట్టింది. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. చెయ్యి చల్లగా ఐసుముక్కలా ఉంది దానిది. ఆ సీరియల్లో ఆయన ఇంటికొచ్చేశాడు. ఇది గోలుగోలున ఏడ్చింది. నేనేం పడిపోలేదు. నేను పడిపోతానని మీ ఇద్దరూ ఎందుకనుకున్నారో.

ఇదిగో విను. ఆ మాట అబద్ధమని నాకు అప్పుడే తెలుసు. దీని సంగతి నాకు తెల్దు, టీవీ సంగతి తెల్దు. మగోడి సంగతి తెలుసు. సంతలో నేను రెండడుగులు పక్కకెళ్తే "ఎక్కడ చచ్చావే చిట్టెమ్మా" అని యానామంతా వినబడేలా అరిచేవోడు మీ నాన్న. అలాంటోడు నన్నొదిలేసి ఎళ్ళండి అంటాడా? ఏ నాన్నా అనడు.

మరెందుకు ఒప్పుకున్నావంటావు. నువ్వు కంచం ఎదరెట్టుకుని ఆ మాట చెప్పావు. చెప్పి నా మొహంలోకి చూశావు. నేను తలూపాను. అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకున్నావు. ఇరవై రోజులైంది అప్పటికి నువ్వు కడుపునిండా తిని. నమ్మలేదని నేనంటే ఆ ముద్ద దిగేదా? గాజులు పోతే పోయాయి. నువ్వు గుమ్మంలోంచి లేచావు, బడికెళ్ళావు, ఉజ్జోగం చేస్తున్నావు. నన్ను ఒప్పించానని నువ్వనుకున్నావు, నిన్ను ఒప్పించానని ఇది అనుకుంది. సరిపోయింది.

ఆ సీరియల్లో నాకు నచ్చనిది ఒక్కటే. ఆయన ఇంటికొచ్చి, ఆకలేస్తోంది అన్నాక ఆవిడ పొయ్యి ముట్టించింది. అప్పుడా? ఎదురుచూసేది పొయ్యి ఆర్పేసుకుని కూర్చుంటుందా? తెలివితక్కువది.

చాలు, ఇంక ముగించవే తెరేసా.

ఇట్లు
చిట్టెమ్మ (వేలిముద్ర పక్కన ఉన్న మరక టీ మరక)

రత్నం, ఇది నా మాట. మీ అమ్మ లేచి వెళ్ళాక రాస్తున్నాను.

ఆ సీరియల్ ఆవిడ స్థానంలో నువ్వైతే ఏం చేసేదానివి పిన్నీ అని అడిగాను. అది మటుకు రాయకు అని ముందు ఒట్టు వేయించుకుని చెప్పింది. రోజూ రాత్రి బియ్యం కడిగేటప్పుడు ఒక గుప్పెడు ఎక్కువ పోస్తుందట. కర్మ చేసిన రోజు రాత్రి కూడా పోసిందట. ఇప్పటికీ పోస్తోందట. పొద్దున్నే మిగిలిన ఆ అన్నంలో మజ్జిగ పోసుకుని తాగేసి సంతకి వెళుతుందట, నీకు తెలియకుండా.

దాచకూడనిది దాచి, చెప్పకూడనిది చెప్పి ఇంత చేశాను. అందుకని ఒట్టు తప్పి ఇది నీకు రాస్తున్నాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే, ఇది నీకు తెలియాలి.

తెరేసా


మాహే,
సెప్టెంబర్ 26, 2025

ఏమే తెరేసా,

కోపం పోలేదు. అమ్మ ఎదర కూర్చుని తిట్టమంది కాబట్టి దసరా సెలవులకి ఇంకో నాలుగు రోజులు కలిపాను. సూపరింటెండెంటు కారణమేమిటని అడిగాడు. సీరియల్ అయిపోయిందని చెప్పాను. సంతకం పెట్టేశాడు. నా మలయాళం అర్థమై ఉండదు.

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను. సగం చదివి స్టోరు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. పదమూడేళ్ళప్పుడు ఏడవాల్సింది ఉండిపోయింది కదా, అది ఏడ్చాను. నాకు అన్నం తినిపించడానికి నువ్వు అబద్ధం చెప్పావు, అమ్మ నమ్మినట్టు నటించింది. మీ ఇద్దరి మధ్యా కూర్చుని నేను ఒక్కదాన్నే నిజాయితీగా అన్నం తిన్నాను.

బుధవారం రాత్రికి యానాంలో దిగుతాను. నేరుగా కనకాలపేట వెళ్ళిపోతాను, నీ తిట్లు గురువారానికి. వస్తున్నట్టు అమ్మకి చెప్పకు. చెబితే నాకోసం వేరే వండుతుంది. ఆ రాత్రికి నాకు ఆ గుప్పెడు చాలు.

నీ
రత్నం